మనస్తత్వశాస్త్ర ఆనర్సు విద్య – క్రైస్తవ విలువలు: ఉత్తర తెలంగాణ సంఘాల దృష్ట్యా ఒక విమర్శ

డిగ్రీలో మనస్తత్వశాస్త్రాన్ని ప్రధానాంశంగా తీసుకోదలచిన యౌవనస్థులు ఇటీవల మన సంఘాలలో కనబడుతున్నారు. వారి తల్లిదండ్రులు కాపరి యొద్దకు వచ్చి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "అయ్యగారూ, ఈ చదువు చదివితే మా పిల్ల విశ్వాసంలో నిలబడుతుందా?" ప్రశ్న న్యాయమైనదే. దానికి మన వేదాంత కళాశాలల్లోను, క్రైస్తవ విద్యాసంస్థల్లోను సాధారణంగా వినిపించే జవాబులు మాత్రం సరిపడవని మేము భావిస్తున్నాము. "క్రైస్తవ విలువలతో కూడిన విద్య" అను మాటను మనం ఎంత తేలికగా వాడుతున్నామో ఈ ఒక్క పాఠ్యాంశం దగ్గర బయటపడుతుంది. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల సంఘాలను దృష్టిలో ఉంచుకొని ఆ సంగతిని పరిశీలించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆనర్సు అంటే ఏమిటో చూద్దాం. యు.జి.సి. 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్సు డిగ్రీకి 160 క్రెడిట్లు ఉండాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి సాధించినవారు నాలుగవ ఏట పరిశోధన ఎంచుకోవచ్చు. చదివినది అప్పజెప్పడం ఇక్కడ చాలదు. విద్యార్థి తానే ఒక ప్రశ్న వేసుకొని, ఆధారాలు సేకరించి, ఆ ఆధారాలకు లోబడి జవాబు చెప్పాలి. ఆ జవాబు తనకు ఇష్టం లేనిదైనా సరే. ఇంకొక మాట కూడా తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పవలసియున్నది. ఈ డిగ్రీతో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కారు. దానికి పైచదువు, చట్టబద్ధమైన రిజిస్ట్రేషను వేరుగా కావాలి. ఈ తేడా తెలియక డిగ్రీ పట్టా చేతికి రాగానే "కౌన్సెలింగ్ సెంటర్" అని బోర్డు కట్టించేవారు ఉన్నారు.

ఇక మనం ఇచ్చే జవాబుల సంగతి. మొదటిది తిరస్కారం. జే ఆడమ్స్ 1970లో ప్రచురించిన గ్రంథం మన గ్రంథాలయాల్లో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. శారీరక కారణం లేని మానసిక సమస్యలకు మూలం ఎక్కువగా పాపమే, దానికి మందు లేఖన ప్రబోధమే అన్నది ఆయన వాదం. ఆయన చేసిన మేలును కాదనలేము. "ఇది మా పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అని చేతులు దులుపుకొనే కాపరులకు తమ బాధ్యతను ఆయన గుర్తుచేశారు. అయినా ఆ పద్ధతిని మన పల్లె సంఘంలోకి తెచ్చి చూడండి. మంచం పట్టిన మనిషి ముందు కూర్చొని "ఏ పాపం ఒప్పుకోలేదో చెప్పు" అని అడిగితే మనం యోబు స్నేహితుల వరుసలో కూర్చున్నట్టే. ఏలీయా బదరీ వృక్షం క్రింద చావును కోరుకొన్నప్పుడు దేవదూత మొదట రొట్టె, నీళ్ళు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. లేఖనాన్నే ప్రమాణంగా తీసుకొన్నా ఆడమ్స్ వాదం ఈ వరుసను లెక్కలోకి తీసుకోలేదు.

రెండవ జవాబు సమన్వయం. అమెరికాలో ఫుల్లర్ సెమినరీ 1965లో మనస్తత్వశాస్త్ర విభాగాన్ని ప్రారంభించింది. గేరీ కాలిన్స్ వంటివారి పుస్తకాలు 1980ల నుండి మన చేతికి వచ్చాయి. అక్కడ ఆ ప్రయత్నం వెనుక గంభీరమైన కృషి ఉంది. మన తరగతి గదికి చేరేసరికి అది ఏ రూపం దాల్చింది? అధ్యాయానికి పైన ఒక వాక్యం, క్రింద ఫ్రాయిడ్, చివర ప్రార్థన. వాక్యానికీ పాఠానికీ మధ్య ఏ సంభాషణా ఉండదు. విద్యార్థి పరీక్షలో పాఠం వ్రాస్తాడు, చాపెల్‌లో వాక్యం చెబుతాడు, రెండూ అతని లోపల ఎన్నడూ కలిసికోవు. తిరస్కారం కన్నా ఇదే ఎక్కువ హానికరమని మా అభిప్రాయం. ఎందుకంటే తిరస్కరించేవాడు కనీసం ఎదుటివాని మాట వింటాడు.

ఈ శాస్త్రం సంఘానికి పరాయిది అన్న భావం చరిత్రకు నిలువదు. 1879లో లైప్‌జిగ్‌లో తొలి ప్రయోగశాల స్థాపించిన వుంట్ ఒక లూథరన్ పాస్టరు కుమారుడు. కార్ల్ రోజర్స్ న్యూయార్కులోని యూనియన్ సెమినరీలో రెండేళ్ళు వేదాంతం చదివి, ఆపైన ఈ వైపుకు మళ్ళాడు. వేదాంత విద్యార్థులను ఆసుపత్రి వార్డులకు పంపి తర్ఫీదు ఇచ్చే పద్ధతిని 1925లో ఆరంభించిన ఆంటన్ బోయ్‌సెన్ తానే మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉండి వచ్చిన పాస్టరు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఈ శాఖ 1916 నాటికే ఉంది. వీరందరిలో మన విద్యార్థికి మేము ముందుగా చూపించదలచినది జ్యూరిక్ పాస్టరు ఆస్కర్ ఫిస్టర్‌ను. మతం ఒక భ్రమ అని ఫ్రాయిడ్ 1927లో వ్రాస్తే, ఫిస్టర్ మరుసటి ఏడే బదులు వ్రాశాడు. ఆ బదులు ఫ్రాయిడ్ నడిపే పత్రికలోనే అచ్చయింది. ఫిస్టర్ మనోవిశ్లేషణను విడువలేదు, ప్రసంగ వేదికను విడువలేదు, ఫ్రాయిడ్‌తో స్నేహాన్నీ విడువలేదు. ఎదుటివాని పుస్తకం చివరి పుటదాకా చదివి బదులు చెప్పగలగడం, మా దృష్టిలో, ఆనర్సు స్థాయి అంటే అదే.

అయితే క్రైస్తవ విలువ ఈ చదువులో ఎక్కడ ఉండాలి? పాఠంపై అతికించిన వాక్యంలో కన్నా పని చేసే తీరులో ఉండాలని మేము అంటాము. అబద్ధ సాక్ష్యం పలుకరాదన్న ఆజ్ఞ పరిశోధకునికి నేరుగా వర్తిస్తుంది. ముప్పై మందిని కలిసి వంద మందిని కలిశానని వ్రాయరాదు. అనుకొన్న ఫలితం రాకపోతే దాన్ని దాచరాదు. ఈ శాస్త్రం తన లోపాన్ని తానే బయటపెట్టుకొన్న సందర్భం ఒకటుంది. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం పేరున్న పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూసింది. మూల అధ్యయనాల్లో 97 శాతం సార్థక ఫలితాలు చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే నిలిచాయి. దీన్ని చూపి "లోకజ్ఞానం ఇంతే" అని నవ్వే ప్రసంగీకులు ఉండవచ్చు. మన స్వస్థత సాక్ష్యాలను ఎవరైనా ఆరు నెలల తర్వాత తిరిగి వెళ్ళి చూసి, ఎన్ని నిలిచాయో సంఘం ముందు చదివారా? ఆ పని చేసినవారికే నవ్వే హక్కు.

2010లో హెన్రిక్, మరి ఇద్దరు పరిశోధకులు ఇంకొక సంగతి ఎత్తిచూపారు. మానవ మనస్సు గూర్చి ఈ శాస్త్రం చెప్పే మాటలు అత్యధికంగా పాశ్చాత్య దేశాల సంపన్న, విద్యావంత సమాజాలను చూసి చెప్పినవి. మన విద్యార్థికి పని దొరికేది సరిగ్గా ఇక్కడే.

కుంగుబాటును అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి 2001 నుండి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. గత రెండు వారాలలో నీకు ఎలా ఉంది అని అది అడుగుతుంది. దాన్ని తెలుగు చేసి "కుంగుబాటు", "నిరాశ", "ఆసక్తి లేకపోవుట" అని జగిత్యాల పక్క పల్లెలో చదివితే ఆ తల్లి "అట్లాంటిదేం లేదు" అంటుంది. "రంది ఉన్నదా అమ్మా?" అని అడగండి, గంటసేపు చెబుతుంది. రంది ఎప్పుడూ ఒకరి గూర్చిన రంది: కొడుకు రంది, అప్పు రంది, బిడ్డ పెండ్లి రంది. కుంగుబాటు మనిషి లోపల ఉండే స్థితి, రంది మనిషికీ మనిషికీ మధ్య ఉండేది. ఇది కేవలం మాండలిక భేదమైతే నిఘంటువుతో సరిపోయేది. ఇక్కడ బాధను చూసే చూపే వేరు. "పానం నిమ్మలంగ లేదు" అన్న మాట కూడా అలాంటిదే. పానం అంటే శరీరమా, మనస్సా, జీవమా? మూడూను. హెబ్రీ భాష చదివిన వేదాంత విద్యార్థికి ఇక్కడ నెఫెష్ గుర్తుకు రావాలి. 42వ కీర్తనలో కీర్తనకారుడు తనతో తాను మాట్లాడుకొనే చోట మన తెలుగు అనువాదకులు వాడిన మాట ప్రాణమే. ఆ కీర్తనను పానం బాగలేని మనిషి ఎలా వింటాడన్నది ఒక ఆనర్సు పరిశోధనకు చాలినంత విషయం. దాన్ని చేయగలవాడు ఆ మాట వింటూ పెరిగినవాడే.

సిరిసిల్లను తీసుకొందాం. 2016 వరకు అది కరీంనగర్ జిల్లాలోనిది. మరమగ్గాల మీద పనిచేసే నేత కార్మికుల ఆత్మహత్యలతో 2000 దశకంలో ఆ పట్టణం పేరు రాష్ట్రమంతా వినబడింది. మగవారు సాంచాల మీద, ఆడవారు బీడీల చాట ముందు. మగ్గం ఆగితే ఇంటికి అప్పు, మనిషికి రంది. 2017 నుండి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఇచ్చినప్పుడు ఆ ఊరికి కొంత ఊపిరి వచ్చింది. దీన్ని చూసిన విద్యార్థి మనస్తత్వశాస్త్రాన్ని కూడా విమర్శించగలగాలి. కూలి లేని మనిషికి ఆలోచనా విధానం మార్చుకొమ్మని చెప్పే చికిత్స ఎంతవరకు చికిత్స? అలాగే గల్ఫు దేశాలకు వెళ్ళిన భర్తల కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే స్త్రీలు మన ఆరాధనలో ముందు వరుసలోనే కూర్చొని ఉంటారు. వారి గూర్చి మనకు తెలిసినదంతా ప్రార్థన చీటీల మీద వ్రాసి ఇచ్చినదే.

ఆత్మహత్య చేసుకొన్నవాని సమాధి కార్యక్రమానికి రానని చెప్పే కాపరులు ఇంకా ఉన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి సంరక్షణ కల్పించాలని 115వ సెక్షనులో చెబుతున్నది. చట్టం చూపిన కనికరం సంఘం చూపకపోతే మనం ఏ విలువల గూర్చి మాట్లాడుతున్నట్టు?

ఆదిలాబాదు వైపు వెళితే ప్రశ్న ఇంకా కఠినమవుతుంది. గోండులకు తెలుగు రెండవ భాష, పాఠ్యపుస్తకపు తెలుగు మూడవది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో నివసించి గోండీ నేర్చుకొన్నాడు. 1943లో గోండుల విద్యా పథకం మొదలై, గోండు యువకులే ఉపాధ్యాయులుగా, గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. ఆయన మిషనరీ కాడు, సువార్త కొరకు రాలేదు. ఆదిలాబాదు కేథలిక్ మేత్రాసనం మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడింది, సి.ఎస్.ఐ. కరీంనగర్ అధ్యక్ష మండలం 1978 నాటిది. బడులు, ఆసుపత్రులు, హాస్టళ్ళు నడిపిన అనుభవం మనకు కొదువ లేదు. గోండు బాలిక తన భయాన్ని ఏ మాటతో చెబుతుందో వ్రాసి పెట్టిన నలభై పుటల పుస్తకమైనా మన సెమినరీల నుండి రావలసియున్నది.

ఇప్పుడు అందరూ తప్పించుకొనే సంగతికి వద్దాం. బాణామతి, చేతబడి, గాలి సోకుట. ఉత్తర తెలంగాణలో ఇవి పాతకాలపు కథలు కావు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను చంపారు. ఎవరికైనా అకస్మాత్తుగా మూర్ఛ వస్తే, మాట మారితే, ఊరు మొదట వెతికేది "చేసినవాడెవడు" అని. ఆ వేళ కాపరి ఏం చెబుతాడన్నది ప్రాణం మీదికి వచ్చే విషయం. "అవును, ఎవరో చేశారు, మేము వెళ్ళగొడతాము" అని అతడు అంటే, దయ్యాన్ని వెళ్ళగొట్టాడో లేదో గాని, పొరుగువాని మెడకు ఉరి తగిలించినవాడవుతాడు. విడుదల ప్రార్థనను మేము తృణీకరించడం లేదు, సువార్తల్లో దురాత్మల ప్రస్తావన ఉన్నదని మరువలేదు. అదే సువార్తలు రోగులనూ, మూర్ఛరోగులనూ, దయ్యములు పట్టినవారినీ మత్తయి 4వ అధ్యాయంలో వేరువేరుగా పేర్కొన్నాయని మాత్రం గుర్తుచేస్తున్నాము. ఆ తేడాను గుర్తించడానికి విద్య కావాలి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాను ఆశ్రయించి వచ్చిన మానసిక రోగులు 28 మంది, గొలుసులతో కట్టివేయబడి ఉండగా మంటల్లో చనిపోయారు. అది వేరే మతస్థుల చోటు అని మనం ఊరకుండలేము. రోగిని కట్టి ఉంచే ప్రార్థన గృహం ఎవరిదైనా అది అదే. 2017 చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. గొలుసు వేయకపోయినా "విశ్వాసముంటే మాత్రలు ఆపు" అనేవారు ఉన్నారు. ఆనర్సు చదివిన మన సంఘపు బిడ్డ ఆ గృహంలో నిలబడి "మాత్రలు ఆపవద్దు, ప్రార్థన కూడా ఆపవద్దు" అని నెమ్మదిగా చెప్పగలిగితే, ఆ నాలుగేళ్ళ ఫీజు వ్యర్థం కాలేదు. ఆదిలాబాదు పట్టణం నుండి హైదరాబాదు మానసిక ఆసుపత్రికి దాదాపు 300 కిలోమీటర్లు. పైగా "ఎర్రగడ్డ" అన్నది మన వాడుకలో ఊరి పేరు కన్నా తిట్టుగా స్థిరపడింది. 2022 అక్టోబరు నుండి 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందే టెలీ మానస్ సేవ ఉంది. ఆ నంబరు ఎన్ని మందిరాల నోటీసు బోర్డు మీద ఉన్నదో మన కాపరులే చూసుకోవాలి.

గోప్యత గూర్చి ఒక మాట. మనస్తత్వశాస్త్ర విద్యార్థికి మొదటి ఏడాదే నేర్పే నియమం, ఎదుటివాడు చెప్పినది అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదని. మన ఆరాధనలో "ఫలానా సహోదరి మనస్సు బాగుండలేదు, ప్రార్థించండి" అని మైకులో చెబుతాము. ఆ సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ పిల్లకు వచ్చిన సంబంధం ఆగిపోతుంది. ఈ విషయంలో శాస్త్రం మనకు నేర్పవలసినది ఉంది, మనం దానికి నేర్పవలసినది లేదు.

2025లో యు.జి.సి. మనస్తత్వశాస్త్రాన్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవడాన్ని ఆపింది. ఆసుపత్రి, సంభాషణ, పర్యవేక్షణ లేకుండా ఈ చదువు సాగదన్న కారణం సబబే. కాని పరిచర్యలో ఉంటూ తపాలా ద్వారా చదువుకొనే కాపరికి ఆ తలుపు మూసుకొన్నది. నిర్మల్, ఆసిఫాబాదు వైపు అమ్మాయి ఇక హైదరాబాదులో హాస్టలు వెతుక్కోవాలి. అధ్యక్ష మండలాలు ఏటా ఇద్దరు విద్యార్థులకైనా ఈ చదువు కొరకు హాస్టలు ఖర్చు భరించి, నాలుగవ ఏటి పరిశోధనను సిరిసిల్లలోనో, ఉట్నూరులోనో చేయాలని షరతు పెడితే సరిపోతుంది. బి.డి. చివరి సంవత్సరపు విద్యార్థులు వారితో కలిసి ఊళ్ళు తిరగవచ్చు. మొదటి ప్రశ్నపత్రం తయారు చేసేటప్పుడు "కుంగుబాటు" కొట్టివేసి "రంది" అని వ్రాసుకొని వెళ్ళవలెను.