పిలిచిన నంబరు, పిలిచిన మనిషి

మనము ఒక కంపెనీకి ఫోను చేసినపుడు, అవతల గంట మ్రోగుటకు పూర్వమే మన నంబరు అచటికి చేరును. ఎక్స్ఛేంజీల మధ్య, పిలుపును కలుపుమని ముందుగా ఒక సంకేతము నడచును. పిలిచినవారి నంబరు అందులోనే ఉండును. కంపెనీ కంప్యూటరు దానిని తన పట్టికతో పోల్చి, ఏ శాఖకు, ఏ భాష తెలిసిన ఉద్యోగికి పంపవలెనో రెప్పపాటులో నిర్ణయించును. పూర్వము ఈ పని స్విచ్చిబోర్డు ఆపరేటరుది. అమెరికాలో స్ట్రౌజరు అను శవసంస్కార వ్యాపారి, తన పిలుపులను ఆపరేటరు పోటీదారునకు కలుపుచున్నదని అనుమానించి స్వయంచాలక ఎక్స్ఛేంజిని కనిపెట్టెనని ఒక కథ కలదు. కథ మాట ఎట్లున్నను, 1891లో అతనికి పేటెంటు వచ్చిన మాట నిజము.

ఏర్పాటు తెలివైనదే. నంబరునుండి అది ఏమి ఊహించుచున్నదన్నదే నా ఆక్షేపణ.

తీగల ఫోను కాలమున ఊహకు ఆధారముండెడిది. 08682 అనిన నల్లగొండ, 08542 అనిన మహబూబునగరు. సెల్లు నంబరు మొదటి అంకెలు తెలుపునది, ఆ నంబరును మొదట ఏ కంపెనీకి, ఏ సర్కిలులో కేటాయించిరో అంతవరకే. 2015 జూలై 3 నుండి నంబరు మార్చకయే ఏ సర్కిలుకైనను మారవచ్చును గనుక ఆ ఆధారము కూడ సడలినది.

పాలమూరునుండి ముంబయి, పుణెలకు కూలిపనికి వలసపోవుట మనకు క్రొత్త కాదు. దేవరకద్ర వైపు నేనెరిగిన ఒక ఇంట, కుమారుడు పుణెలో కొన్న సిమ్మును తల్లికిచ్చి వెళ్ళెను. బోరు మోటారు చెడినపుడు ఆమె కంపెనీకి ఫోను చేయగా మరాఠీలో జవాబు వచ్చెను. మూడు సార్లు చేసినను మరాఠీయే. పట్టిక ప్రకారము యంత్రము సరిగానే పంపినది, కనుక తప్పు జరిగినట్లు దానికి తెలియదు. మడి మాత్రము ఎండుచుండెను. చివరకు పొరుగింటి ఫోనునుండి పిలువగా తెలుగు వినిపించెను. మోటారు అదే, ఆమెయూ ఆమెయే.

దీనికి భిన్నముగా ఇండేను గ్యాసు బుకింగును చూడుడు. ఒక్కొక్క సర్కిలుకు ఒక్కొక్క నంబరు ఉండుట మాని, 2020 నవంబరు 1 నుండి దేశమంతటికి ఒకటే పెట్టిరి. నమోదైన ఫోనునుండి పిలిచినచో, యంత్రము 16 అంకెల వినియోగదారు సంఖ్యను వినిపించి, సరియేనా అని అడుగును. నమోదు కాని ఫోనైనచో ఆ సంఖ్యను మనలనే నొక్కుమనును. నంబరు ఇచట ఖాతాను వెదకుటకు మాత్రమే పనికివచ్చుచున్నది; వెదకినది సరియో కాదో మనిషి చెప్పును. మోటారు కంపెనీ చేయవలసినదియు ఇంతే: మరాఠీలో పలుకరించిన పిదప, తెలుగుకు ఫలానా అంకె నొక్కుమని తెలుగులోనే ఒక్క మాట. పిలుపు సాగినకొలది ఖర్చు పెరుగునని కంపెనీలందురు. అబద్ధము కాదు. కాని ఆ తల్లి వృథాగా చేసిన మూడు పిలుపులకు కూడ ఖర్చు ఉన్నది గదా!

బ్యాంకుల విషయమున మరింత జాగ్రత్త అవసరము. సంకేతములోని నంబరును మోసగాండ్రు మార్చగలరు. విదేశములనుండి భారతీయ నంబర్లుగా కనబడుచు వచ్చు దొంగ పిలుపులను ఆపుటకు కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రత్యేక ఏర్పాటు చేయవలసివచ్చెను. నంబరు చూచి ఖాతా వివరములు విప్పుట, గొంతు వినకయే తలుపు తీయుటవంటిది.

మా కళాశాలలో విద్యార్థులను మూడు ప్రశ్నలు అడిగితిని: ఇంటిలోని సిమ్ము ఏ ఊర కొన్నది, ఎవరి పేర ఉన్నది, ఇపుడు ఎవరి చేత ఉన్నది? మూడింటికిని పొందిక కుదిరిన ఇండ్లు తక్కువగానే తేలినవి. ఉపాధ్యాయులు తమ తరగతులలో అడిగి చూడవచ్చును.