ఒక్క బీప్ కోసం

"సిస్టం ఆన్ కావట్లేదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే బ్యాగు సర్దుకోను. ఆ మాటకి నాకు తెలిసి నాలుగు అర్థాలున్నాయి. బటన్ నొక్కినా లైటు కూడా వెలగకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉండడం రెండోది. ఆన్ అయిన నాలుగు సెకన్లకే ఆరిపోయి, మళ్లీ తనంతట తనే లేవడం మూడోది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చి, తీరా విండోస్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోవడం నాలుగోది. చెప్పేవాళ్లు నలుగురూ ఒకే మాట చెబుతారు, జబ్బులు మాత్రం వేరువేరు. అందుకే ముందు అడుగుతాను: ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చిందా? ఈ మూడింటికీ సరైన జవాబులొస్తే సగం పని ఫోన్లోనే అయిపోతుంది.

మొన్న మాఘమాసంలో బందరు నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయన నాకు చుట్టం కాదు. చిన్నప్పటి నుంచి ఆయన దుకాణం మెట్లు ఎక్కీ దిగీ అలవాటైన పిలుపు అది. మొదట లెటర్‌ప్రెస్‌లో కంపోజిటర్‌గా పనిచేశాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన చెయ్యి ఆయనది. ఆ ప్రెస్సులు మూతపడ్డాక డీటీపీ నేర్చుకుని, పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో శుభలేఖలు వేస్తున్నాడు. ఇన్నేళ్లుగా చేసిన పనంతా ఆ ఫాంట్లలోనే ఉంది. అది యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫాంట్లు లేని మెషీన్లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో పాత డెస్క్‌టాపులు ఇంకా నడుస్తున్నాయంటే అదీ కారణం.

"ఒరే అబ్బాయ్, ఫ్యాను తిరుగుతోంది గానీ తెర మీద చుక్క కూడా లేదు. ఇక్కడ ఒక కుర్రాడు చూసి బోర్డు పోయిందన్నాడు. ఈ బోర్డు ఇప్పుడు దొరకదట, కొత్త సిస్టం కొనుక్కోమన్నాడు. రేపు సాయంత్రానికి శుభలేఖలు ఇస్తానని మాటిచ్చానురా."

బోర్డు పోయింది. మా పనిలో అన్నిటికన్నా తేలిగ్గా నోట్లోంచి వచ్చేసే మాట ఇదే. అన్నీ చూశాక ఆఖర్న అనాల్సిన మాటా ఇదే.

నేర్చుకునే రోజుల్లో నేనూ అన్నాను. ఒక ట్యూషన్ మాస్టారి సిస్టం కొత్త క్యాబినెట్‌లోకి మార్చాక లేవలేదు. గంటసేపు చూసి బోర్డు పోయిందన్నాను. ఆయన మారుమాట్లాడకుండా డబ్బులు తెచ్చి కొత్తది వేయించుకున్నారు. పాత బోర్డు మా షాపు అటక మీద పడుంది. ఆరు నెలల తర్వాత ఏదో ప్రయోగం కోసం దాన్ని దింపి, అట్టపెట్టె మీద పరిచి కరెంటు ఇస్తే ఒక్కసారికే లేచింది. అప్పుడు వెలిగింది నాకు. కొత్త క్యాబినెట్‌లో బోర్డును ఎత్తిపట్టే ఇత్తడి స్టడ్లు ఉంటాయి. బోర్డు రంధ్రం లేని చోట ఒక స్టడ్డు మిగిలిపోయి వెనక వైపు తగిలింది, షార్టయింది. స్క్రూలు విప్పి బోర్డును బయటపెట్టి చూసుంటే పావుగంటలో తేలిపోయేది. బోర్డు తీసుకెళ్లి మాస్టారికి ఇచ్చి, జరిగింది చెప్పాను. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూశారు, అంతే. ఆ రోజు నుంచి, బాగున్న భాగాలన్నీ ఒక్కొక్కటిగా పక్కకు తప్పించకుండా దేన్నీ పోయిందని అనలేదు.

బటన్ నొక్కాక జరిగే వరుస మనసులో ఉంటే వెతకడం గాల్లో రాయి విసిరినట్టు ఉండదు. గోడ ప్లగ్గులో ఉన్నంతసేపూ, కరెంటు మార్చి ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. బటన్ నొక్కగానే ఎస్ఎంపీఎస్ నిద్రలేచి 12, 5, 3.3 వోల్టులు సిద్ధం చేస్తుంది. అవి నిలకడగా ఉన్నాయని తనకు నమ్మకం కుదిరాక బూడిదరంగు వైరు మీద ఒక సంకేతం పంపుతుంది. దాన్ని పవర్ గుడ్ అంటారు. సెకనులో పదోవంతు నుంచి అరసెకను లోపు అది రావాలి. వచ్చేదాకా ప్రాసెసర్ కట్టేసినట్టు ఆగి ఉంటుంది. వచ్చాకే బయోస్ చిప్‌లోంచి మొదటి ఆజ్ఞ చదువుతుంది. అప్పుడు మొదలవుతుంది స్వీయపరీక్ష, మేం పోస్ట్ అనేది. 1981 నాటి ఐబీఎం పీసీలోనూ ఇది ఉంది. ర్యామ్, డిస్‌ప్లే అన్నీ చూసుకుని, అంతా బాగుంటే చాలా బోర్డులు ఒక్క చిన్న బీప్ కొడతాయి. డిస్కు వంతు ఆ తర్వాతే.

కాబట్టి తెర మీద అక్షరాలొచ్చి ఆగిందంటే ముందు డిస్కునో దాని కేబులునో చూడాలి. నాలుగు సెకన్లకే ఆరిపోతుంటే ప్రాసెసర్ మీది ఫ్యాను, ఎండిపోయిన పేస్టు, ఎక్కడైనా షార్టు వెతకాలి. ఫ్యాను తిరిగి తెర రాకపోతే ఆగిన చోటు ఇంకా ముందే ఎక్కడో ఉంది. బాబాయ్‌ది ఆ రకం.

మర్నాడు పొద్దున్నే బెజవాడలో బందరు బస్సెక్కాను.

బాబాయ్ దుకాణానికి వెళ్లగానే ముందు ప్లగ్గు తీసేశాను. క్యాబినెట్ ఇనుముని చేత్తో తాకి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోగొట్టుకుని పక్క తలుపు విప్పాను. బందరు గాలిలో ఉప్పుంటుంది. స్క్రూల తలలకు తుప్పు, వెనక సాకెట్లకు పచ్చటి చిలుము, ఫ్యాను రెక్కలకు కాగితపు పొడి కలిసిన దుమ్ము. బ్రష్షుతో నెమ్మదిగా దులిపాను. ర్యామ్‌కి రెండు పక్కలా క్లిప్పులు వెనక్కి నొక్కి పైకి తీశాను. దాని అంచున బంగారు పూత పళ్లు వరుసగా ఉంటాయి. మెరవాల్సినవి మసకబారి ఉన్నాయి. పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో ఒకే దిశలో, వత్తకుండా తుడిచాను. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా బయటే విదిలించాను. మళ్లీ పెట్టి, రెండు చివరలా బొటనవేళ్లతో సమంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని వాటంతటవే మూసుకున్నాయి. ఆ టక్కు వినపడకపోతే ర్యామ్ సగమే దిగినట్టు. తెర రాని కేసుల్లో ఎన్నో ఇక్కడే తీరిపోతాయి.

ఇది తీరలేదు. ఫ్యాను తిరిగింది, తెర నల్లగానే ఉంది.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న స్పీకరు ఉంటుంది, పాత క్యాబినెట్‌లోంచి తీసింది. ఈమధ్య వచ్చే చాలా క్యాబినెట్లలో అది ఉండదు. కొన్ని కొత్త బోర్డులు బీప్‌కి బదులు సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు వెలిగించి ఎక్కడ ఆగిందో చూపిస్తాయి. పాతవాటికి మాత్రం గొంతు కావాలి. స్పీకరు తగిలించి ర్యామ్ మొత్తం తీసేశాను.

"అదేమిట్రా, ఉన్నదీ పీకేశావు?" అన్నాడు బాబాయ్.

"ర్యామ్ లేకపోతే బోర్డు కేకలు పెట్టాలి బాబాయ్. పెట్టిందంటే బోర్డూ, ప్రాసెసరూ బతికున్నట్టే."

కేక రాలేదు. హార్డ్‌డిస్కు, డీవీడీ, యూఎస్‌బీ తీగలు అన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. బోర్డు, ప్రాసెసర్, ఎస్ఎంపీఎస్ మూడే మిగిలాయి. అయినా చప్పుడు లేదు. ఆ కుర్రాడు ఇక్కడిదాకా వచ్చుంటే బోర్డు మీద నింద వేసినందుకు అతన్ని తప్పుపట్టలేను. కానీ బోర్డు కన్నా ముందు నిలబడేది కరెంటు. "ఫ్యాను తిరుగుతోందిగా" అనుకుని అందరం దాన్ని దాటేస్తాం. ఫ్యాను తిరగడానికి కరెంటు ఉంటే చాలు, ప్రాసెసర్‌కి మాత్రం కొలత ప్రకారం ఉన్న కరెంటు కావాలి.

మల్టీమీటరు తీశాను. 24 పిన్నుల కనెక్టరు బోర్డుకు తగిలించే ఉంచి, నల్ల ముల్లు నల్ల వైరులో, ఎర్ర ముల్లు వెనక నుంచి పసుపు వైరు సందులో దూర్చి బటన్ నొక్కాను. 12 వోల్టుల లైను మీద అటూ ఇటూ ఐదు శాతం తేడా ఉండొచ్చు, అంటే 11.4కి తగ్గకూడదు. మీటరు 11.1 చూపించింది. 5 వోల్టుల ఎర్ర వైరులో 4.75కి తగ్గకూడనిది 4.5 ఉంది. ఇక బూడిదరంగు వైరులో 5 వోల్టుల దగ్గర ఉండాల్సింది సున్నాని వదిలి కదల్లేదు. పవర్ గుడ్ రాలేదు. పనివాళ్లంతా వచ్చి కూర్చున్నారు గానీ మేస్త్రీ ఇంకా "కానివ్వండి" అనలేదు. ప్రాసెసర్ చచ్చిపోలేదు, పిలుపు కోసం చూస్తోంది.

టార్చి వేసి ఎస్ఎంపీఎస్ జాలీలోంచి చూశాను. కెపాసిటర్ల నెత్తి బల్లపరుపుగా ఉండాలి. రెండింటి నెత్తి ఉబ్బి, గీతల దగ్గర గోధుమరంగు మరక కట్టింది. లోపల ఒత్తిడి పెరిగితే పెద్దగా పేలకుండా అక్కడే విచ్చుకోవాలని ఆ గీతలు పెడతారు. 2000 తర్వాత కొన్నేళ్లు, లోపలి ద్రవం తయారీలోనే లోపం వల్ల ఇలాంటి కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డుల మీద అకాలంగా ఉబ్బిపోయాయి. వీటిది ఆ లోపం కాదు, వయసూ వేడీ. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడుతుందని మా లెక్క. గాలాడని మూల, దుమ్ము, బందరు ఎండాకాలం, మూడూ కలిశాయి.

ఇది చదివి ఎవరూ ఎస్ఎంపీఎస్ డబ్బా విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు లోపలికెళ్లి 325 వోల్టుల దాకా డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు అక్కడే ఉండొచ్చు. ర్యామ్ తీసి తుడవడం, తీగలు సరిచూడడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ డబ్బా మాత్రం అది తెలిసినవాళ్లకే వదిలేయాలి.

వేరే ఎస్ఎంపీఎస్ తగిలించాను. ఇంకేదీ ముట్టుకోలేదు, ర్యామ్ కూడా పెట్టలేదు. ఈ పనిలో నేను ఎన్నడూ తప్పని నియమం ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే సిస్టం లేవచ్చు గానీ దేనివల్ల లేచిందో తెలియదు. తెలియకుండా బాగైనదానికి తెలియకుండానే బిల్లు వేయాల్సి వస్తుంది. బటన్ నొక్కాను.

పొడవాటి బీప్. కాస్త ఆగి మళ్లీ పొడవాటి బీప్.

"ఏమైందిరా?" అంటూ బాబాయ్ కుర్చీలోంచి లేచాడు.

"ఏం కాలేదు బాబాయ్. ర్యామ్ ఏదని అడుగుతోంది."

బీప్‌ల లెక్క బయోస్ కంపెనీని బట్టి మారుతుంది. ఏ కంపెనీదైనా, అంతదాకా మౌనంగా ఉన్న బోర్డు చేసే మొదటి ఫిర్యాదు నా చెవికి పాటలా ఉంటుంది. ర్యామ్ పెట్టి మళ్లీ నొక్కితే ఒక్కటే చిన్న బీప్ వచ్చింది. తెర వెలిగింది. తేదీ తప్పని ఒక వాక్యం కనిపించింది, గడియారం ఏళ్ల వెనక్కి వెళ్లిపోయింది. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మీటరుకు 2.4 చూపించింది, ఉండాల్సింది 3. ఇన్నాళ్లూ గోడ నుంచి స్టాండ్‌బై కరెంటు అందుతుండబట్టి దాని నీరసం బయటపడలేదు. సీఆర్2032 అన్న ఆ పేరులోనే దాని కొలతలున్నాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఎదురుగా ఉన్న వాచీల కొట్లో దొరికింది.

హార్డ్‌డిస్కు తగిలించాను, లేచింది. తర్వాత డీవీడీ, తర్వాత యూఎస్‌బీ తీగలు. ఒక్కోటి పెట్టాక ఒక్కోసారి ఆపి ఆన్ చేశాను. బాబాయ్ ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాడు. ఫైళ్లన్నీ ఒక బయటి డిస్కులోకి కాపీ అవుతుండగా, పాడైన ఎస్ఎంపీఎస్‌ని ఆయన చేతిలో పెట్టి ఉబ్బిన కెపాసిటర్లు చూపించాను. పోయిన వస్తువుని యజమాని తన కళ్లతో చూడాలి. డబ్బు ఎందుకిస్తున్నాడో ఆయనకు తెలియాలి.

"మా ప్రెస్సులోనూ ఇంతేరా" అన్నాడు దాన్ని తిప్పి చూస్తూ. "అచ్చులో తప్పుంటే ఫారం మొత్తం పారేస్తామా? ప్రూఫు తీసి, ఏ అక్షరమో పట్టుకుని, చిమటాతో ఆ ఒక్కటీ లాగి మారుస్తాం. ఆ అక్షరం దొరకడమే పని."

శుభలేఖ తెరిచి ప్రూఫు ప్రింటు తీశాడు. చూడమని నాకిచ్చాడు. పైనుంచి కిందికి చదివాను. పెళ్లికూతురు పేరు, పెళ్లికొడుకు పేరు, కల్యాణ మండపం, అంతా బాగుందన్నాను. ఆయన కాగితం తీసుకుని కళ్లజోడు సవరించుకుని ఆఖరి పంక్తి నుంచి పైకి, ఒక్కో మాటా వేలితో ఆపుతూ వెనక్కి చదివాడు. భావం కోసం చదివితే కన్ను ముందే తెలిసినదాన్ని చూసుకుని వెళ్లిపోతుందట. వెనక నుంచి చదివితే ఉన్న అక్షరమే కనిపిస్తుందట.

ఆయన వేలు ముహూర్తం దగ్గర ఆగింది. ర కింద త ఒత్తు లేదు.

తిరిగే ఫ్యానుని చూసి ఆ కుర్రాడు కరెంటు బాగుందనుకున్నట్టే, నేను ఆ మాటని నిండుగా చదివేసుకున్నాను. బాబాయ్ ఏమీ అనకుండా ఆ ఒక్క ఒత్తూ పెట్టి మళ్లీ ప్రింటు ఇచ్చాడు.