అడగడమూ ఒక పనితనమే

1997-98లో వరంగల్ పత్తిచేలను లద్దెపురుగు తినేసింది. అప్పులు మిగిలాయి. ఎన్నో ఇళ్లలో రైతు మిగల్లేదు. అలాంటి ఇళ్ల తలుపు తట్టే ఆశా కార్యకర్తల శిక్షణలో ఇప్పుడు మానసిక ఆరోగ్యం కూడా ఉంది. అందులో నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది అడిగే తీరు.

"మంచిగున్నవా అన్నా?" అంటే "ఆఁ, మంచిగనే ఉన్న" అనేస్తాడు. పనితెలిసిన ఆశా కార్యకర్త అరుగు మీద కూర్చుని, కాసేపు పంట సంగతి మాట్లాడి, సూటిగా అడుగుతుంది: "అన్నా, సచ్చిపోదామని గిట్ల అనిపిస్తున్నదా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన భయం. పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగాక నోరు మూసుకోవడం ఇంకా కష్టం. "నీకేం తక్కువ?", "పిల్లల మొహం చూడు" అనే మాటలు నాలుక చివరే ఉంటాయి మరి. (నా నాలుక మీదైతే ఎప్పుడూ ఉంటాయి.)

అవునంటే అతన్ని ఒంటరిగా వదలదు. పురుగుమందుల పెట్టెకు తాళం వేయించి, తాళంచెవి పక్కింటికి చేరుస్తుంది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు తానే కలిపి ఫోను అతని చేతికిస్తుంది. రాత్రీ పగలూ పలికే ఉచిత నంబరది. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే వెంట వెళుతుంది.

వారం తిరిగాక మళ్లీ అదే అరుగు మీద కూర్చుంటుంది.