కప్పును తాకి దిగిన వెలుగు

గతవారము మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక గృహప్రవేశమునకు పోయినప్పుడు, ఫొటోలు తీయ వచ్చిన కుఱ్ఱవాడు పీటలపైనున్న దంపతుల ముఖములమీదికి గాక, తెల్లరంగు వేసిన కప్పువైపునకు ఫ్లాషును త్రిప్పుట చూచి నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరానిది. ఎదుటనుండి కొట్టు ఫ్లాషును నేను నిందించుట ఈ శీర్షిక చదువువారికి క్రొత్త గాదు: నుదుటి చెమట మెఱయును, ముక్కు చప్పిడియగును, వెనుకగోడపై నల్లని నీడ పిలువని చుట్టమువలె నిలుచును. అదే వెలుగు కప్పును తాకి దిగినచో, కప్పంతయు దీపమై నీడల అంచులను కరగించును. దీనికి మూల్యమును కలదు. దారి పెరిగి కొంత, సున్నము పీల్చి కొంత, కాంతి నాలుగవవంతుకో ఇంకను తక్కువకో పడిపోవును. కప్పు పచ్చనిదైనచో పెండ్లికూతురును పచ్చబడును.

సినిమాలో ఈ విద్యకు పెద్దపీట వేసినవాడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర. 1956లో వచ్చిన ‘అపరాజితో’కై కాశీ యింటి ముంగిలిని వానభయముచే కలకత్తా స్టూడియోలో కట్టవలసిరాగా, పైన తెల్లని గుడ్డ పఱచి, దీపములను దానిపైకి కొట్టించి, తిరిగివచ్చిన నీడలేని వెలుతురుతో చిత్రించెను. అది సెట్టని పసిగట్టుట కష్టము. సహజమని మనము మెచ్చునది ఎంత పన్నాగముతో పుట్టినదో చూడుడు!

ఇచ్చటనే నా మనసు ఎదురు తిరిగినది. రేకుల యిండ్ల కాలమున తీసిన ఫొటోలు మా వీధిలో ఇంకను గోడలకు వ్రేలాడుచున్నవి. పొగచూరిన రేకు వెలుగును మ్రింగునేగాని తిరిగి యీయదు. కావున ఫొటోగ్రాఫరు ఎదుటనే కొట్టినాడు. ముక్కుపుడకపై వెలుగుచుక్క, వెనుక కాటుకవంటి నీడ, ఱెప్ప వేయరాదని బిగబట్టిన చూపు: ఆ గది చీకటిదనియు, ఆ వెలుగు బయటివాడు తెచ్చినదనియు దాచకుండ చెప్పుచున్నవి. కప్పువెలుగు తన జాడను తానే చెఱుపుకొనును. అందము దానిదే, కాదనను. సాక్ష్యము కావలెనన్నచో మాత్రము నేను నీడనే పిలుతును.

పైగా మృదుత్వము తెల్లకప్పు గలవారి సొత్తు. మౌలాలి గుట్టపై దర్గా మెట్లమీద రాత్రివేళ ఫ్లాషును పైకి త్రిప్పువాడు, బ్యాటరీ ఖర్చుపెట్టి చుక్కలకు వెలుగు చూపినవాడగును.