చుక్క ఉన్న గడి

రేణిగుంట మండలంలో అరెకరం కొనాలన్నా నాలుగైదు రకాల కాగితాలు తిరగేయాలి. ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) భూమి స్వభావాన్నీ శిస్తునూ చెబుతుంది, అడంగల్ ఈ ఏడు ఎవరు ఏం సాగుచేశారో చెబుతుంది, 1-బి ఏ ఖాతాదారుకు ఎంత ఉందో చెబుతుంది, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఏ దస్తావేజులు నడిచాయో చెబుతుంది. నేల ఒకటే గానీ అడంగల్‌ను సర్వే నంబరు పట్టి వెతకాలి, 1-బిని ఖాతా నంబరు పట్టి. విమానాశ్రయం, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చి సెంటు సెంటుకూ ధర పలుకుతున్నచోట వీటన్నిటినీ ఒకే డేటాబేస్‌లో పోసేయమని జనం అడగడం సహజం. పోయవచ్చు. కానీ ఏ గడి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే పట్టికను పారేస్తే, కలపడం కాదది, చెరపడం.

అలాంటి పట్టిక రాయడం రెవెన్యూ గుమాస్తాలకు కొత్త కాదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో కాళహస్తి, కార్వేటినగరం వంటి జమీందారీల గ్రామాలు రైత్వారీలోకి వచ్చాయి. అలాంటి గ్రామాల్లో పాత పైమాషీ నంబర్లను కొత్త సర్వే నంబర్లతో జతపరచడానికి కోరిలేషన్ స్టేట్‌మెంట్ రాసేవారు. పాత నంబరొకటి మూడు ముక్కలైనా, మూడు ఒకటైనా అందులో వరస వారీగా కనిపించేది. కంప్యూటర్ శాస్త్రంలో కాడ్ 1970లో పట్టికల నమూనాను ప్రతిపాదిస్తే, వేర్వేరు పట్టికల అమరికలను కలిపే పద్ధతులను బటీని, లెంజెరినీ, నవాథే 1986లో ఒకచోట సమీక్షించారు. వారు చెప్పిన వరస కూడా దాదాపు ఇదే: ముందు పోల్చు, తేడాలు తేల్చు, ఆ తరువాతే కలుపు.

తేడాలు తేల్చడంలోనే ఉంది చిక్కంతా. 2022 ఏప్రిల్ 4 నుంచి రేణిగుంట చిత్తూరు జిల్లాది కాదు, తిరుపతి జిల్లాది. పాత దస్తావేజుల్లోని జిల్లా పేరును కొత్తదానితో జతచేయడం తేలికే. ‘ఎ. 2-5’ అని రాసినదాన్ని 2.5 అని ఎక్కిస్తే మాత్రం రెండెకరాల ఐదు సెంట్లు కాస్తా రెండున్నర ఎకరాలవుతుంది, నలభై ఐదు సెంట్లు గాలిలోంచి పుడతాయి. మునస్వామి, మునుస్వామి, మునిస్వామి ఒకరో ముగ్గురో స్పెల్లింగు చెప్పదు, తండ్రి పేరు కావాలి. అన్నిటికన్నా కఠినం చుక్కలది. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట, ఎవరిదో తేలని భూములకు చుక్కలు పెట్టి వదిలేశారు. చుక్క అంటే ‘తేలలేదు’ అని. దాన్ని ‘ప్రభుత్వానిది’ అని చదివి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింది నిషేధిత జాబితాలో చేర్చేసరికి, తరాలుగా దున్నుకుంటున్న రైతులకు రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. ఆ ముడి విప్పడానికి 2017లో చుక్కల భూముల చట్టమే చేయాల్సి వచ్చింది. కాడ్ కూడా తరువాతి కాలంలో ఖాళీ గడిని రెండుగా విడదీయాలన్నాడు: విలువ ఉండి తెలియనిది, అసలు విలువే వర్తించనిది. మన చుక్కకు ఆ రెండూ చాలవు.

రికార్డులు ఎన్ని ఉంటే దళారులకు అంత సందు కదా అనవచ్చు. నిజమే, పైకి కనిపించే పత్రం ఒకటే ఉండాలి. అయితే అది అడుగునున్న రికార్డులనుంచి ఎలా తయారైందో అడిగినవారికి చూపగలగాలి. సందు ఇచ్చేది పాత రికార్డు కాదు, ఎవరు మార్చారో తెలియని మార్పు. ఇక యంత్రమే గడులను జతపరుస్తుందంటారు. రామ్, బెర్న్‌స్టైన్‌ల 2001 సమీక్ష నాటికే అలాంటి పద్ధతులు చాలా ఉన్నాయి, పనికొస్తాయి కూడా. కానీ అడంగల్‌లో పట్టాదారు గడిలోనూ మనిషి పేరే, అనుభవదారు గడిలోనూ మనిషి పేరే. రెంటినీ కలిపి ‘యజమాని’ అంటే కౌలుదారు రికార్డులోంచి మాయమవుతాడు. ఏ గడి దేనికో తెలిసిన మనిషి సరిచూడక తప్పదు.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వేతో, అది పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల పలువురి భూములు ఒకే ఉమ్మడి ఎల్‌పీఎంలో పడ్డాయి. బ్యాంకు తనఖా మాత్రం పాత సబ్‌డివిజన్ మీదే ఉంటుంది. కాబట్టి పాత నంబరు, కొత్త నంబరు అని రెండు గడులు రాస్తే సరిపోదు. పాతదానిలో ఎన్ని సెంట్లు ఏ ఎల్‌పీఎంలోకి వెళ్లాయి, ఏ ఉత్తర్వు మీద, ఏ తేదీన, ఎవరి సంతకంతో అన్నవి కూడా ప్రతి వరసలో ఉండాలి. విస్తీర్ణం తగ్గితే ఆ తేడా పక్క నంబరుకు వెళ్లిందా, పాత కొలతే తప్పా అన్నది రాయడానికి ఇంకో గడి కావాలి. తహసీల్దారు దగ్గరకు వచ్చే రైతు ముందు అడిగేది దాన్నే.