దిమ్మెగూడెంలోకి ఉద్యమం వచ్చిన దారి

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్రమహాసభ. 1937లో దాని ఆరో సభ మన నిజామాబాదులోనే జరిగింది. మందుముల నరసింగరావు అధ్యక్షులు. చరిత్ర పుస్తకం ఇంతవరకు చెప్పి ఊరుకుంటుంది. ఆ సభ ముచ్చట చందూరు లాంటి ఊళ్లో వెట్టి చేసే మనిషి చెవిన ఎట్లా పడిందో తెలియాలంటే వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ చదవాలి. 1955 నాటి నవల. రాసినాయన కవి దాశరథితో కలిసి ఇందూరు (నిజామాబాదు) ఖిల్లా జైల్లో బందీగా ఉన్న మనిషి.

ఇంగ్లీషువాళ్ల నీడన సాగిన నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అందుకే నవలలో ఉద్యమం జెండా పట్టుకొని రాదు. కథ జరిగే ఊరు దిమ్మెగూడెంలో మనకు ముందు కనిపించేది దొర రామభూపాలరావు పెత్తనం, చేజారిన భూములు, వెట్టి. కడుపులో ఆ మంట ఉన్నచోటికే గ్రంథాలయం వస్తుంది, మహాసభ మాట వస్తుంది. ఈ వరుస రచయిత బాగా ఆలోచించి పేర్చింది. బాధ తెలిసిన తర్వాతే మాట వినబడుతుంది.

మతం మార్పిళ్ల ఘట్టాల్లో ఆయన నేర్పు ఇంకా గొప్పది. ఒకవైపు ఇస్లాంలోకి పిలిచేవాళ్లు, ఇంకోవైపు ఆర్యసమాజం. 1955 నాటికి, నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య జరిగి ఏడేళ్లే. రజాకార్ల గాయాలు పచ్చిగానే ఉన్నాయి. ఒక మతాన్ని తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం ఎంతో తేలిక. ఆయన ఆ పని చేయలేదు. మతం మారిన మనిషి వెనక పోయిన భూమిని, పడ్డ అవమానాన్ని చూపించి, తీర్పు మనకు వదిలారు. తెలుగు నవలలో ఇంత నిగ్రహం నేను అరుదుగా చూశాను.

కథానాయకుడు కంఠీరవం మరీ మచ్చలేని మనిషి, నిజమే. కొన్నిచోట్ల సంభాషణ ఉపన్యాసమవుతుంది. అయినా ఊరి మాట, కచ్చేరీ ఉర్దూ కలిసిన ఆ భాష కథను మళ్లీ నేలమీదికి దించుతుంది.

ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. చందూరు, వర్ని, బోధన్ చదువరులారా, మీ దగ్గరి గ్రంథాలయంలో ఈ నవల లేకపోతే తెప్పించమని అడగండి.