గట్టు మీద బిందె

నందివాడ చుట్టుపక్కల పేటలు ఎట్లా ఉంటాయో మా పేటా అట్లాగే ఉండేది. ఊరికి ఓ చివర, పల్లంలో. బుడమేరు పొంగితే ముందు మునిగేది మేమే. ఎండాకాలం కాలవలు కట్టేస్తే ముందు నాలుక పిడచగట్టేదీ మాకే. మంచినీళ్ల చెరువు ఊరి వైపున ఉండేది. దాని రేవు మెట్లు మావి కావు. మాయమ్మ బిందె గట్టు మీద పెట్టి, దూరంగా నిలబడి, "ఒక్క బిందె పొయ్యండమ్మా, మీకు పుణ్యం ఉంటది" అని అడిగేది. ఎవరికో దయ పుట్టిందాకా నిలబడాల్సిందే. నేను పక్కనుండి దోసిలి పట్టేవోణ్ణి. పైనుంచి ధార పోసేవాళ్లు. సగం నోట్లోకి, సగం మోచేతుల మీదుగా నేల మీదికి.

ఇది 1970లనాటి మాట. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం ఎక్కడికి వచ్చిందో గానీ మా చెరువు రేవులోకి దిగలేదు.

తర్వాత గుడివాడలో చదువుకునేటప్పుడు ఒక సభకి పోయాను. ఆధునిక సంస్కృతి, మానవ జీవితం అన్నది ఆనాటి విషయం. దేవుడు కూర్చున్న చోట మనిషిని నిలబెట్టడమే ఆధునికత అని వక్త చెప్పాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. సైకిలు మీద ఇంటికొస్తుంటే దార్లో అనుమానం మొదలైంది. ఆయన చెప్పిన మనిషి ఎవరు? ఆ మనిషికి కులం లేదు, భూమి లేదు, ఆకలి లేదు, దాహం కూడా లేదు. గాలిలో నిలబడ్డ మనిషి. గట్టు మీద నిలబడ్డ మాయమ్మ ఆ మాటలో ఉందా? ఈ ప్రశ్నని ఇన్నేళ్లు మోస్తూనే ఉన్నాను. ఈ వ్యాసం దానికోసమే.

మా ప్రాంతాన్ని హేతువాదానికి పుట్టిల్లు అంటారు. అందులో అబద్ధం లేదు. మాకు దగ్గరి అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబుకవధ' రాశాడు. తపస్సు చేసినందుకు శంబుకుణ్ణి చంపిన రాముణ్ణి నిలదీశాడు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, సహపంక్తి భోజనాలు పెట్టించాడు. ఆయన కొడుకు లవణం 1960లో జాషువా కూతురు హేమలతని పెళ్లి చేసుకున్నాడు. చెప్పింది ఇంట్లో చేసి చూపించిన వాళ్లని నేను తక్కువ చేయను. చేస్తే నాకే పాపం.

నా తగాదా వాళ్లని తలకెత్తుకున్న తర్వాతి వాళ్లతో. 'శంబుకవధ' చదివి రాముణ్ణి ప్రశ్నించడం నేర్చుకున్నారు, బాగానే ఉంది. పురాణంలో చచ్చిపోయిన శంబుకుడి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు, అదీ బాగానే ఉంది. మరి తమ చేలో ఊడ్పులూడ్చే, కుప్పలు నూర్చే బతికున్న శంబుకుడి సంగతేమిటి? పైవాడి పెత్తనాన్ని ప్రశ్నించడానికి పనికొచ్చిన హేతువు కింది వాడి కూలి దగ్గరికొచ్చేసరికి మూగబోయింది. బ్రాహ్మణాధిపత్యాన్ని కూల్చడమంటే ఆ కుర్చీ తనకు రావడమని అర్థం చేసుకున్న వాళ్లున్నారు. అంబేద్కర్ మెట్ల మెట్ల అసమానత అన్నది దీన్నే. ప్రతివాడూ తన పై మెట్టు మీద కోపంగా ఉంటాడు, తన కింది మెట్టుని గట్టిగా పట్టుకుంటాడు.

ఆత్మగౌరవం అన్న మాటే చూడండి. నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1983లో గుడివాడ నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు. తెలుగువాడి ఆత్మగౌరవం అన్నది ఆనాటి నినాదం. మా పేటలోనూ పసుపు జెండాలు కట్టాం. మేమూ తెలుగువాళ్లమే అనుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి, 1985 జులై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. గొడవ మొదలైంది ఎక్కడో కాదు, మంచినీళ్ల చెరువు దగ్గర. తాము తాగే నీళ్లని పాడుచేయొద్దని చెప్పినందుకు. కొట్టబోతే మున్నంగి సువార్త తన బిందె ఎత్తింది.

ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. చావుల గురించే కాదు, ఆ బిందె గురించి కూడా. మాయమ్మ గట్టు మీద పెట్టిన బిందె, సువార్త పైకెత్తిన బిందె. మా మనుషుల చరిత్ర అంతా ఈ రెండు బిందెల మధ్యే ఉందనిపించింది. తెలుగు ఆధునికతని ఎక్కడ మొదలుపెట్టాలని నన్నడిగితే అచ్చుయంత్రం దగ్గరా వద్దు, సినిమా దగ్గరా వద్దు, ఆ బిందె దగ్గర మొదలుపెట్టమంటాను. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువులోకి దిగి నీళ్లు ముంచుకుని తాగాడు. దాహం తీర్చుకోడానికే అయితే ఎవరో పోస్తే సరిపోయేది. ఎవరూ పొయ్యకుండా తన చేత్తో తాను ముంచుకోడానికి దిగాడు. దోసిలి పట్టడానికీ చెయ్యి ముంచడానికీ ఉన్న తేడానే మనిషికీ మనిషి కానివాడికీ ఉన్న తేడా. తత్వశాస్త్రం పెద్ద పెద్ద పుస్తకాల్లో వెతికేది ఇదే.

సాహిత్యంలోనూ ఈ తేడా కనపడతది. జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి పోలేని వాడు తన బాధని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపాడు. ఆ రోజున అది ఎంత పెద్ద తిరుగుబాటో నాకు తెలుసు. అయినా ఇంకా విన్నవించుకోవడం ఉంది అందులో. మధ్యలో ఏం జరిగింది? 1968లో మా కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశుని దొంగతనం అంటగట్టి బతికుండగానే తగలబెట్టారు. ఆ తర్వాత కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ జిల్లాలోనే పుట్టిన శివసాగర్ తన 'నడుస్తున్న చరిత్ర'లో కథని తిరగేశాడు. అక్కడ శంబుకుడు చచ్చేవాడు కాదు. ఇద్దరు కవులూ మా గడ్డ వాళ్లే, శంబుకుడూ ఒకడే. త్రిపురనేని దగ్గర శంబుకుడికి జరిగిన అన్యాయం చూసి మనం జాలిపడతాం, కోపపడతాం. శివసాగర్ దగ్గర మన జాలి అతనికి అక్కర్లేదు. శంబుకుడు కర్మ కాడు, కర్త. దళిత సాహిత్యం వ్యాకరణం మార్చిందంటే అర్థం ఇదే.

ఇప్పుడు మా ఊరి సంగతికొస్తాను. మా మండలంలో వరిచేలు చాలావరకు చేపల చెరువులైపోయాయి. ఎటు చూసినా నీళ్లే, తాగే నీళ్లు మాత్రం డబ్బాల్లో కొనుక్కోవాలి. ఐసు పెట్టెల్లో కట్ల, రోహు చేపలు లారీలెక్కి బెంగాలుకీ అస్సాముకీ పోతాయి. ఊడ్పులూ కలుపులూ కోతలూ పోయాయి. ఆడవాళ్ల పని దినాలు పోయాయి. భూమి ఎవరిదో చెరువూ వాళ్లదే. మా అక్క కొడుకు ఆ చెరువుల మీద పనికి పోతాడు. చదువుకున్నవాడు, చేతిలో సెల్లు, ప్రపంచమంతా అందులో చూస్తాడు.

మా చిన్నప్పుడు కాఫీ హోటల్లో మా గ్లాసు చూర్లో గుచ్చి ఉండేది. మేమే తీసుకుని, తాగి, కడిగి, మళ్లీ చూర్లో పెట్టాలి. చుండూరు తర్వాత పోరాటాలకీ, 1989 అత్యాచార నిరోధక చట్టానికీ భయపడి చూర్లో గ్లాసులు మాయమయ్యాయి. గెలిచామనుకున్నాం. మొన్న వాణ్ణి అడిగాను.

"ఏరా, చెరువు కాడ టీ దేంట్లో ఇస్తారు?"

"పేపర్ గ్లాసులో, మావయ్యా."

"ఆసామి దేంట్లో తాగుతాడు?"

"స్టీలు గ్లాసులో."

"తాగినాక?"

"ఆయనది కడుగుతారు. మాది పారేస్తాం." కాస్త ఆగి అన్నాడు, "కొత్త గ్లాసే కదా మావయ్యా, తప్పేముంది?"

వాడికి ఏం చెప్పాలి? చూర్లో గ్లాసుని చూపించి కొట్లాడగలిగాం. సాక్ష్యం కళ్ల ముందు ఉండేది. పారేసే గ్లాసుకి సాక్ష్యం లేదు. శుభ్రత అంటారు, ఆరోగ్యం అంటారు. అందరికీ అదే గ్లాసైతే నాకేం పేచీ లేదు. ఒకరి ఎంగిలి కడగతగ్గది, ఇంకొకరిది పారెయ్యతగ్గది అయినప్పుడే పేచీ. ఆధునిక సంస్కృతి అంటరానితనాన్ని తియ్యలేదు, దాన్ని కడిగే శ్రమని తీసేసింది. వస్తువు మారింది, సంబంధం మారలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది కూడా ఇదే: ఓటులో సమానత్వం వస్తుంది, బతుకులో రాదు, ఈ వైరుధ్యాన్ని ఎన్నాళ్లు మోస్తారని.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉంటది. కానీ ఆపకూడదు. మాది మాల పేట. మా పేటలో బావి ఉండేది. మాదిగ గూడెం నుంచి వచ్చినామె దాని చప్టా ఎక్కేది కాదు. మాయమ్మే పైనుంచి పోసేది. ఊరి చెరువు గట్టు మీద చేతులు జోడించిన మాయమ్మే ఇక్కడ ఇంకొకరి బిందెలో ధార పోసింది. నేను చూశాను, నాకేం అనిపించలేదు. 1994లో దండోరా మోగినప్పుడు మావాళ్లు చాలామంది "ఐక్యత చెడగొడుతున్నారు" అన్నారు. నేనూ అన్నాను. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెయ్యొచ్చని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా ఆ బావి నాకు గుర్తుకు రాలేదు. ఊరిని అడిగిన ప్రశ్న మా పేటని అడగలేకపోతే నేనూ ఆ సభలో వక్త లాంటివాణ్ణే.

స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానని అంబేద్కర్ 1954లో రేడియోలో చెప్పాడు. ఆ బుద్ధుడు మాకు దూరపువాడు కాదు. దివిసీమ ఘంటసాలలో ఆయన స్తూపం ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చట్టంతో కొంత స్వేచ్ఛ, కొంత సమానత్వం తెచ్చుకోవచ్చు. సోదరభావాన్ని మాత్రం ఏ జీవో ఇవ్వదు. అది ఒకరి కుండలో ఒకరు చెయ్యి పెట్టినప్పుడే పుడుతుంది.

ఈ పుస్తకం చదివే విద్యార్థులకి, ఉద్యమంలో తిరిగే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది ఇంతే. ఆధునికత గురించి ఎవరు ఉపన్యాసం చెప్పినా వినండి, చప్పట్లూ కొట్టండి. ఇంటికెళ్లాక మీ హాస్టల్లో, మీ పేటలో, మీ వంటింట్లో ఒకసారి చూడండి: ఎవరు ముంచుకుంటున్నారు, ఎవరికి పోస్తున్నారు? మాయమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ బిందె మా ఇంట్లోనే ఉంది, అడుగున సొట్టలు పడి. మా మేనల్లుడు దాన్ని పాతసామాన్లకి వేసేద్దామంటాడు. నేను వెయ్యనివ్వలేదు. వాడికి ముందు ఆ గట్టు కథ చెప్పాలి, ఆ తర్వాత మా బావి కథ కూడా చెప్పాలి.